పాత గోడల మధ్య పాట గది

కోస్తాలో గానుగ సున్నంతో కట్టిన పెంకుటిళ్ళు, రాయలసీమలో మిద్దెలు వాడేవారు లేక తాళాలతో మిగులుతున్న ఈ కాలంలో, వాటిలో ఒక గదిని తక్కువ ఖర్చుతో రికార్డింగ్ గదిగా మార్చుకోదలచినవారు మొదట గ్రహించవలసిన సంగతి ఒకటుంది. స్టూడియోలు కట్టేవారు ఎక్కువ డబ్బు పోసి కొనుక్కునే గుణం, అంటే గోడ బరువు, ఈ ఇళ్ళకు పుట్టుకతోనే ఉంది. అందుచేత ఖర్చు పెట్టవలసింది గోడ మీద కాదు, గోడలో ఉన్న సందుల మీద.

పాత కట్టడాలను పాటకు వాడుకోవడం కొత్త ఆలోచన కాదు. న్యూయార్క్‌లో కొలంబియా రికార్డుల సంస్థ 1949లో ఒక పాత చర్చిని స్టూడియోగా మార్చుకుని 1981 వరకు వాడింది; జాజ్ సంగీతకారుడు మైల్స్ డేవిస్ ఆల్బమ్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ 1959లో అక్కడే రికార్డయింది. మెంఫిస్‌లో స్టాక్స్ రికార్డుల సంస్థ 1960లో ఒక పాత సినిమా హాలులోకి చేరి, ప్రేక్షకుల కోసం వేసిన వాలు నేలను సమం చేయకుండా దాని మీదే వాద్యాలు అమర్చుకుంది. డెట్రాయిట్‌లో బెర్రీ గోర్డీ 1959లో ఒక మామూలు ఇల్లు కొని, దాని వెనుక ఉన్న ఫోటో స్టూడియోను రికార్డింగ్ గదిగా మార్చారు. ఆయన సంస్థ మోటౌన్ పాటలు ఏళ్ళ తరబడి ఆ ఇంట్లోంచే వచ్చాయి. తెలుగు సినిమా పాట మాత్రం దశాబ్దాల పాటు మద్రాసులోని పెద్ద స్టూడియోలనే నమ్ముకుంది కాబట్టి, పల్లెలోని హరికథకుడికీ డప్పు కళాకారుడికీ తన ఊళ్ళో, తన ఇంట్లో రికార్డు చేసుకునే వీలు ఉండేది కాదు. ఇప్పుడు మైకు, కంప్యూటరు అందుబాటులోకి వచ్చాయి. కావలసింది గది.

గది విషయంలో చాలామంది కలగలిపేసే రెండు పనులను ముందు విడదీసి చూడాలి. బయటి శబ్దం లోపలికి, లోపలిది బయటికి పోకుండా చేయడం ధ్వని నిరోధం. లోపల పుట్టిన ధ్వని గోడలకు తగిలి అదేపనిగా తిరుగుతూ ఉండకుండా పీల్చివేయడం ధ్వని శోషణ. మొదటిదానికి బరువు కావాలి, రెండోదానికి గాలి చొరబడే మెత్తని పదార్థం కావాలి; ఒకటి రెండోదాని పని చేయదు. గోడ బరువు రెట్టింపైనప్పుడల్లా దాన్ని దాటే ధ్వని సుమారు 5 నుంచి 6 డెసిబెల్‌లు తగ్గుతుంది. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ చదరపు మీటరుకు 200 కిలోల పైచిలుకు తూగితే, అడుగున్నర మందం పాత గోడ 800 కిలోలు దాటుతుంది. అంటే ఈ గోడ, చెవికి చప్పుడు సగమైనట్టు అనిపించేంత తేడాను ఏ ఖర్చూ లేకుండా ఇస్తోంది. అయితే గోడ వైశాల్యంలో నూరోవంతు ఖాళీ ఉన్నా ఆ గొప్పతనమంతా అక్కడితో సరి: ఎంత బరువైన గోడైనా అప్పుడు 20 డెసిబెల్‌లకు మించి ఆపలేదు.

కాబట్టి అసలు పని తలుపు దగ్గర మొదలవుతుంది. రాత్రిపూట గదిలో దీపం వెలిగించి, తలుపులు మూసి, చీకట్లో బయట నిలబడి చూస్తే వెలుతురు కనిపించిన ప్రతి సందూ శబ్దానికి దారే. పాత టేకు తలుపు బరువుగానే ఉంటుంది గాని, రెండు రెక్కలు కలిసే చోట, చట్రం అంచున, కింద సందులుంటాయి. ఇక్కడ పాత ఇంటికి ఒక వరం ఉంది: గడప. కొత్త ఫ్లాట్లలో గదుల తలుపులు నేలకు అంగుళం పైన గాలిలో వేలాడుతుంటే, ఇక్కడ గడప లోపలి అంచుకు ఒక చెక్క బద్ద బిగించి, దానికి రబ్బరు పట్టీ అంటిస్తే తలుపు కింది అంచు దాని మీద ఒత్తుకుని కూర్చుంటుంది. రెక్కలు కలిసే చోట కూడా ఒక దానికి బద్ద కొట్టి రెండోదాన్ని దాని మీదికి మూసుకునేలా చేయవచ్చు. గొళ్ళేనికీ గొలుసుకూ గుడ్డ చుట్టడం మరువకూడదు, ఎందుకంటే డప్పు మీద దెబ్బ పడగానే అవి కూడా తాళం వేస్తాయి, ఆ తాళం రికార్డింగులో స్పష్టంగా వినిపిస్తుంది. అవసరం లేని కిటికీని ఇటుకతో, సున్నంతో పూడ్చడమే అన్నిటికన్నా చౌక.

పెంకుటింటి అసలు బలహీనత కప్పు. పెంకుల మధ్య గాలి ఆడుతుంది, వాన చినుకు పడితే పాట ఆగిపోతుంది. పాత వాసాలకు బరువులు వేలాడదీయడం ప్రమాదం. చెదలు ఎంతవరకు తిన్నాయో పైకి తెలియదు. అందుకని తన కాళ్ళ మీద తానే నిలిచే చెక్క చట్రాన్ని గది లోపల నిలబెట్టి, దాని పైన జిప్సం పలకలను రెండు వరుసలుగా వేసి, సందులన్నీ పూడ్చడం మేలు. దగ్గర దగ్గరగా పరిచిన కర్రల మీద ఇటుకను సున్నంలో కూర్చి కట్టిన మిద్దెకు ఈ శ్రమ లేదు, ఆ కప్పే కావలసినంత బరువు.

ఇక శోషణ. దీన్ని లెక్కల్లోకి తెచ్చినవారు హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన వాలెస్ సబీన్. 1895లో అక్కడి ఫాగ్ మ్యూజియం ఉపన్యాసశాలలో మాట అర్థం కావడం లేదని ఆయనకు ఆ పని అప్పగిస్తే, రాత్రివేళల్లో పక్కనున్న నాటకశాల నుంచి కుర్చీల దిండ్లు మోయించుకొచ్చి గదిలో పరుస్తూ, ఆర్గన్ గొట్టాన్ని మోగించి ఆపి, ఆ ధ్వని ఎన్ని సెకన్లకు వినబడకుండా పోతుందో గడియారంతో కొలిచారు. ధ్వని 60 డెసిబెల్‌లు తగ్గడానికి పట్టే ఆ కాలాన్నే ప్రతినాద కాలం అంటారు. గది ఘనపరిమాణాన్ని ఘనపు మీటర్లలో తీసుకుని 0.161తో గుణించి, గదిలోని మొత్తం శోషణతో, అంటే ఉపరితలాల వైశాల్యాన్ని చదరపు మీటర్లలో తీసుకుని అవి పీల్చుకునే వంతుతో గుణిస్తే వచ్చేదానితో, భాగిస్తే అది వస్తుంది. దిండ్లతో నడిచిన ఈ ప్రయోగం చౌకలో గది కట్టేవారికి ఎంతో ధైర్యం ఇవ్వాలి.

ఉదాహరణకు 14 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 11 అడుగుల ఎత్తు ఉన్న గది ఘనపరిమాణం సుమారు 52 ఘనపు మీటర్లు. నున్నని సున్నపు పూత తన మీద పడిన ధ్వనిలో నూటికి మూడు వంతులు మాత్రమే పీల్చుకుంటుంది గనుక, ఖాళీ గదిలో ప్రతినాదం మూడు సెకన్లు దాటుతుంది. దాన్ని 0.4 సెకన్లకు దించాలంటే దాదాపు 20 చదరపు మీటర్ల మేర మంచి శోషకం కావాలి, అంటే గది లోపలి ఉపరితలంలో నాలుగోవంతు. చాలా గదుల్లో కనిపించే కోడిగుడ్ల అట్టలు ఈ పనికి దండగ. అవి పైస్థాయి ధ్వనిని కొద్దిగా చెదరగొట్టి, కిందిస్థాయి ధ్వనిని అలాగే వదిలేసి, గదికి డబ్బా గొంతు తెచ్చిపెడతాయి. అంగుళం ఫోముదీ అదే దోషం, పైగా నిప్పంటుకుంటే ప్రాణాంతకం. నాలుగు అంగుళాల రాక్‌వూల్ (రాతి ఉన్ని) పలకలను నూలుగుడ్డలో బిగించి, గోడకు నాలుగు అంగుళాలు ఎడంగా నిలబెడితే 200 హెర్ట్జ్ దరిదాపుల దాకా పనిచేస్తాయి. ఆ ఎడం కూడా పలకతో పాటు పనిచేసేదే, దానికి ఖర్చు లేదు. పాత చీరలు పొరలు పొరలుగా కుట్టిన బొంతలను దండెం మీద వేసి గాయకుడి వెనుక వేలాడదీయడం మన ఇళ్ళలో ఎప్పుడూ ఉన్న ఉపాయమే.

ఎదురెదురు గోడల మధ్య ధ్వని తరంగం సరిగ్గా ఇమిడినప్పుడు ఆ స్థాయి ఉబ్బి వినిపించడం అనునాదం. పై గదిలో అది పొడవు వైపు 40, వెడల్పు వైపు 47, ఎత్తు వైపు 51 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. ఈ మూడూ వేరువేరుగా ఉండటం అదృష్టం, ఎందుకంటే పొడవు, వెడల్పు, ఎత్తు సమానమైన గదిలో మూడూ ఒకే చోట గుమికూడతాయి. ఈ ఉబ్బు మూలల్లో పోగవుతుంది కాబట్టి మందమైన పలకలు మూలలకే ముందు దక్కాలి. గోడల్లోని దీపపు గూళ్ళను పూడ్చడం మాత్రం పొరపాటు: నున్నని గోడను అవి విరగ్గొట్టి, రెండు గోడల మధ్య చప్పట్లు పటపటమని తిరగకుండా చూస్తాయి.

పాత ఇంటికి రెండు రోగాలుంటాయి. ఒకటి కరెంటు: చాలా ఇళ్ళ పాత వైరింగులో ఎర్త్ తీగే ఉండదు, దాంతో ప్రతి రికార్డింగులోనూ 50 హెర్ట్జ్ గుర్రు చేరుతుంది. అందుకే పెరట్లో గొయ్యి తవ్వి, బొగ్గు, ఉప్పు వేసి గొట్టం పాతించడం ఖరీదైన మైకు కన్నా ముందు చేయవలసిన పని. రెండోది చెమ్మ. సున్నపు గోడ తేమను పీల్చుకుని వదిలేస్తూ ఉంటుంది. దాని మీద సిమెంటు పూసినా ప్లాస్టిక్ రంగు వేసినా ఆ తేమ లోపలే నిలిచి, పూత పొరలుగా ఊడి, కండెన్సర్ మైకులను పాడుచేస్తుంది.

మోటౌన్ వారు ప్రతినాదం కావలసినప్పుడు తమ ఇంటి అటకనే వాడుకున్నారు: కింది నుంచి పాటను స్పీకరులో పైకి పంపి, అక్కడ మోగినదాన్ని మైకుతో పట్టుకునేవారు. పెంకుటింటి అటక ఆ పనికి సరిపోతుంది గాని, పావురాలను ముందు ఖాళీ చేయించాలి. ఇక గదిలోని శోషణ పలకలన్నీ గోడకు మేకు దిగకుండా సొంత చట్రాల మీద నిలిచి ఉంటే, సంక్రాంతికి ముందు వాటిని గది మధ్యకు జరిపి, గోడలకు ఎప్పటిలాగే వెల్ల వేసుకోవచ్చు.