ముడి వేసిన చెయ్యి

మన తరానికి ఉప్పెన అంటే సినిమా పేరు. 1977 నవంబరు 19న దివిసీమలో వేలమందిని, లెక్కలేనన్ని గొడ్లని మింగిన ఉప్పెన మీద నగ్నముని ‘కొయ్యగుర్రం’ రాశాడు. కాలేజీలో చదివినప్పుడు ఆ దీర్ఘకవిత నాకు నినాదంలా అనిపించింది.

మా పామర్రు దాకా అల రాలేదు, గాలొచ్చింది. గొడ్లసావిడి కూలి గేదె చచ్చిపోయింది. "పలుపు విప్పుంటే బతికేదిరా" అని అమ్మమ్మ ఇప్పటికీ అంటుంది. అది విన్నాక కవిత మళ్ళీ చదివాను. విధినీ మనిషినీ వదిలేసి, కదలని కొయ్యగుర్రంలాంటి వ్యవస్థని నిలదీస్తుంది. నింద చేరాల్సిన చోటికే చేరుస్తుంది. నినాదం కాదది.

అదే అమ్మమ్మకి చెప్పాను. "గవర్నమెంటు సంగతి సరే, ముడి వేసింది నేనే కదరా" అంది.

దానికి కవితలో నాకు జవాబు దొరకలేదు. నా దగ్గరా లేదు.