మూగవోయిన చదువరి: ఓర్కా నిర్మాణముపై ఒక విమర్శ

చూపు లేనివారు కంప్యూటరును ఉపయోగించుటకై తెరమీది అక్షరములను చదివి వినిపించు ప్రోగ్రాములు కలవు. లినక్స్ కంప్యూటర్లలో ఈ పని చేయువానిలో ప్రసిద్ధమైనది ఓర్కా. ఇది ఉచితముగా లభించును; దీని మూలరచనను ఎవరైనను పరిశీలించి దిద్దవచ్చును. ఇది మెచ్చదగిన గుణము. అయినను దీని నిర్మాణములోని ఒక లోపము విచారింపదగియున్నది.

పైథాన్ భాషలో రచింపబడిన ఓర్కా తానుగా మాటాడదు. పలుకవలసిన వాక్యమును స్పీచ్ డిస్పాచర్ అను మరియొక ప్రోగ్రామునకు అప్పగించును. అది ఈస్పీక్ ఎన్‌జి వంటి వాగ్యంత్రమునకు పంపగా అక్షరములు ధ్వనులగును. తెలుగును సైతము ఈస్పీక్ ఎన్‌జి పలుకగలదు. ఓర్కాకును స్పీచ్ డిస్పాచరునకును నడుమ దుబాసివలె నిలుచునది స్పీచ్‌డి అను చిన్న పైథాన్ మాడ్యూలు. దుబాసి లేనిచో ఇరువురును కుశలముగా నున్నను సంభాషణ సాగదు.

ఈ మాడ్యూలు కనబడకపోవుటకు ముఖ్యకారణములు మూడు. మొదటిది, దానిని స్థాపింపకపోవుట. రెండవది, పైథాన్ మారుట: కొన్ని లినక్స్ పంపిణీలలో 3.11 కొరకు ఉంచిన మాడ్యూళ్లు 3.12 వెదకు చోట ఉండవు. మూడవది, ప్రోగ్రామును ప్రత్యేక పైథాన్ ఆవరణములో నడపుట. సాధారణముగా అట్టి ఆవరణమునకు వెలుపలి మాడ్యూళ్లు కనబడవు.

దోషమును కనుగొను క్రమము సులభమే. ముందుగా ఎస్‌పీడీ-సే అను ఆజ్ఞతో ఒక మాట పలికింపవలెను. మాట వినబడినచో వాగ్యంత్రము చక్కగా ఉన్నట్లే. పిమ్మట ఓర్కాను నడపు పైథాన్‌కే ‘ఇంపోర్ట్ స్పీచ్‌డి’ అను ఆజ్ఞ నీయవలెను. మాడ్యూలు లేదని వచ్చినచో, డెబియన్, ఉబుంటులలో పైథాన్3-స్పీచ్‌డి అను ప్యాకేజీని స్థాపింపవలెను.

కాని ‘లేదు’ అను ఆ వార్త తెరమీద వ్రాతగా వచ్చును. చూపు లేనివాడు దానిని చదువుటెట్లు? చదివి వినిపింపవలసిన ఓర్కాయే మూగవోయినది గదా! అసలు చిక్కు ఇదియే. మాడ్యూలు దొరకనిచో ఓర్కా ఆగిపోదు. మాట లేకయే సాగిపోవును. బ్రెయిలీ పలకపై చదువువారికి ఇది మేలే. మాట లేదని ప్రోగ్రామునే ఆపివేయుట వారికి అన్యాయమగును. అయితే సాగిపోవుట వేరు, చెప్పకుండ సాగిపోవుట వేరు.

ఉపాయము దూరమున లేదు. స్పీచ్‌డి దొరికినచో ‘ఉన్నది’ అనియు, దొరకనిచో ‘లేదు’ అనియు ఎస్‌పీడీ-సే చేతనే పలికించు ఒక్క పంక్తి ఆజ్ఞను వ్రాయవచ్చును. ఎస్‌పీడీ-సే పైథాన్‌పై ఆధారపడదు గనుక దుబాసి లేకున్నను అది మాటాడును. వాడుకరి ఒక్క పంక్తిలో చేయగల పనిని ప్రోగ్రాము చేయలేకపోవునా?

లోపము కలిగినప్పుడు దానిని తెలుపు వార్త, లోపించిన మార్గముననే రాకూడదు. ప్రోగ్రాములు వ్రాయ నేర్చు విద్యార్థులు గ్రహింపవలసిన సూత్రమిది. దోషవార్త వ్రాయుటతో రచయిత బాధ్యత తీరదు. అది అందవలసినవానికి అందినప్పుడే తీరును.