నీటి బరువు ఎన్ని ఆంపియర్లు

తెడ్డు వేసేవాడికి నీటి సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. ఎదురుగాలి లేస్తే భుజానికి తెలుస్తుంది. నాచు తగిలితే మణికట్టుకు తెలుస్తుంది. పడవలోకి ఇంకో మనిషి ఎక్కితే మొదటి తోపులోనే అరచేయి లెక్క కట్టేస్తుంది. పెట్రోలు ఇంజను వచ్చాక ఆ స్పర్శ పోయింది గాని, కనీసం దానికో గొంతుంది. బరువు పడితే మూలుగుతుంది, బరువు తగ్గితే గొంతు పెంచుతుంది. విద్యుత్ మోటారు ఆ గొంతునూ తీసేసింది. బవేరియాలోని కోనిగ్‌జే సరస్సు మీద 1909 నుంచీ విద్యుత్ పడవలు తిరుగుతున్నాయి. అక్కడ నడి సరస్సులో పడవ ఆపి సిబ్బందిలో ఒకరు బూర ఊదుతారు, ఎదుటి కొండగోడ ఆ స్వరాన్ని తిరిగి పలుకుతుంది. అంత హాయైన నిశ్శబ్దంలో పడవ ఎంత కష్టపడుతోందో తెలిసేదెలా?

ఒక అంకె వల్ల. బ్యాటరీ నుంచి మోటారుకు ఈ క్షణాన ఎన్ని ఆంపియర్లు పోతున్నాయో చెప్పే అంకె. దాన్ని అందరూ పొదుపు లెక్కగానే చూస్తారు: ఇంకెంతసేపు వస్తుంది, ఒడ్డు చేరతామా లేదా అని. ఆ లెక్క అవసరమే. ఆ అంకెలో రసం కూడా ఉందనీ, దాన్ని చదవడం అలవాటైతే తెడ్డు పట్టిన అరచేయి మనకు తిరిగి వస్తుందనీ నేను అంటాను.

మిన్నెసోటా సరస్సుల్లో చేపలు పట్టే పడవల వెనక కనిపించే చిన్న ట్రోలింగ్ మోటారునే తీసుకుందాం. ఆ జాతి మోటార్లలో ప్రసిద్ధమైన మిన్ కోటా కథ 1934లో, పక్క రాష్ట్రంలోని ఫార్గోలో మొదలైంది. ఓ.జి. ష్మిట్ అనే ఆయన ఫోర్డ్ మోడల్ ఎ కారు స్టార్టర్ మోటారును తెచ్చి పడవకు పనికొచ్చేలా మలిచాడు. కారు స్టార్టరంటే ఒక్క దమ్ములో కరెంటు మింగడానికే పుట్టిన వస్తువు. దాని సంతతికి ఆ ఆకలి కొంత మిగిలే ఉంది. 12 వోల్టుల మీద, 55 పౌండ్ల తోపుడు ఇచ్చే మోటారు పూర్తి వేగంలో 50 ఆంపియర్ల దాకా తీసుకుంటుంది. మామూలు మల్టీమీటరు 10 ఆంపియర్లకే చేతులెత్తేస్తుంది, లోపలి ఫ్యూజు ఎగిరిపోతుంది. అందుకే కరెంటు దారిలో కూర్చునే షంట్ కావాలి.

షంట్‌ను ఎప్పుడైనా చేతిలోకి తీసుకుని చూశారా? రెండు ఇత్తడి దిమ్మెలు, వాటి మధ్య టంకం వేసిన ఒకటో రెండో లోహపు పట్టీలు, అంతే. కదిలే భాగం లేదు. దీపం లేదు. ఆ పట్టీ మాంగనిన్. చాలావరకు రాగి, కొంత మాంగనీసు, కాస్త నికెల్. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఎడ్వర్డ్ వెస్టన్ తయారుచేసిన మిశ్రలోహం అది. దాని గొప్ప గుణం స్థిమితం. వేడెక్కినా తన నిరోధాన్ని దాదాపు మార్చుకోదు. 100 ఆంపియర్లు పోతే రెండు చివర్ల మధ్య సరిగ్గా 75 మిల్లీవోల్టుల తేడా వచ్చేలా దాన్ని తీర్చిదిద్దుతారు. ఎలా తీర్చారో చూడాలంటే పట్టీ అంచు చూడండి, సన్నని రంపపు గాటు కనిపిస్తుంది. నిరోధం కాస్త తక్కువగా ఉన్న పట్టీని గాటు పెడుతూ, కొలుస్తూ, మళ్లీ గాటు పెడుతూ సరైన విలువకు తెస్తారు. ఆ గాటు చివర ఎవరో ఆగి, చూసి, ఇక చాలనుకున్నారు. ఎంత నునుపైన నగిషీ కన్నా నాకు ఆ గాటే అందంగా కనిపిస్తుంది.

దిమ్మెలకు నాలుగు మరలు ఉంటాయి. బరువు మోసే లావు తీగలకు రెండు పెద్దవి, మీటరుకు పోయే సన్నని తీగలకు రెండు చిన్నవి. పెద్ద మరల దగ్గర తుప్పో జిడ్డో వదులో ఉంటే అక్కడ కొంత వోల్టేజీ పోతుంది, కాని ఆ మైల చిన్న మరల మధ్య కొలతకు అంటదు. మోసేవాళ్లు వేరు, సాక్ష్యం చెప్పేవాళ్లు వేరు. లార్డ్ కెల్విన్ పేరుతో నడుస్తున్న ఈ నాలుగు కాళ్ల పద్ధతిని మించిన ఔచిత్యం కొలత పరికరాల్లో నాకు మరొకటి కనబడలేదు. ఇంత పనికి అది తీసుకునే రుసుమెంత? 50 ఆంపియర్ల దగ్గర, మోటారు మింగే 600 వాట్లలో రెండు వాట్లకు లోపే.

షంట్ పెట్టాలంటే తీగ తెంచాలి. తెంచడానికి మనసొప్పనివాళ్లకు క్లాంప్ మీటరుంది. దవడ తెరిచి తీగ చుట్టూ మూస్తే చాలు. అయితే ఇళ్లలో ఎలక్ట్రీషియన్లు వాడే మామూలు క్లాంప్ బ్యాటరీ తీగ మీద పెడితే సున్నా చూపిస్తుంది. దానికి అటూ ఇటూ ఊగే ఏసీ కరెంటే అర్థమవుతుంది. ఒకే దిశలో పోయే డీసీని పట్టాలంటే దవడల మధ్య హాల్ సెన్సర్ ఉండాలి. 1879లో ఎడ్విన్ హాల్ బంగారు రేకులో కరెంటు పంపి, అయస్కాంతం దగ్గర పెట్టి, రేకుకు అడ్డంగా పుట్టిన అతి చిన్న వోల్టేజీని పట్టుకున్నాడు. ఆ చమత్కారమే ఇప్పుడు ఆ దవడల్లో దాగుంది. మంచి క్లాంప్‌ను ఖాళీగా పట్టుకుని తూర్పు నుంచి ఉత్తరానికి తిప్పితే అంకె కాస్త కదులుతుంది. తీగ లేదు, కరెంటు లేదు, భూమి అయస్కాంతత్వం ఉంది. అందుకే కొలవబోయే చోట, కొలవబోయే దిక్కులోనే పట్టుకుని సున్నా మీట నొక్కాలి.

దిక్కుల మాట వచ్చింది కనుక చెప్పాలి. కరెంటు ఉనికిని అయస్కాంతత్వం ద్వారా తొలిసారి పట్టించింది నావికుడి పెట్టెలో ఉండే సూదే. 1820లో కోపెన్‌హాగెన్‌లో అయర్‌స్టెడ్ తీగలో కరెంటు పంపగానే పక్కనున్న దిక్సూచి ముల్లు పక్కకు తిరిగింది. అదే ఏడాది ష్వైగర్ తీగను ముల్లు చుట్టూ చుట్లుగా చుట్టి ఆ తిరుగుడును పెంచాడు. ఆంపియర్లు కొలిచే పరికరాల వంశం అక్కణ్నుంచి పుట్టింది. పడవకు దారి చూపే పరికరమూ, పడవ ఆకలిని చూపే పరికరమూ ఒక తల్లి బిడ్డలు. మోటారు తీగలు రెండూ విడివిడిగా దిక్సూచి పక్కనుంచి పోతే, అయర్‌స్టెడ్ ప్రయోగం ఎవరూ అడక్కుండానే పడవలో మళ్లీ జరుగుతుంది. వేగం పెంచగానే ఉత్తరం పక్కకు జరుగుతుంది! ఆ రెండు తీగలనూ పురి పెట్టి పరిచేది అందుకే.

ఇక అంకె చెప్పే కథ. నిలకడగా ఉన్న పడవలో ఒక్కసారిగా మీట తిప్పండి. మొదట ఒక ఉప్పెన. మోటారు ఇంకా తిరగలేదు, దాని చుట్ల సొంత నిరోధం చాలా తక్కువ, కాబట్టి కరెంటుకు అడ్డు లేదు. మామూలు డిజిటల్ మీటరు ఈ శిఖరాన్ని చూడనే చూడదు, కన్ను మూసి తెరిచేలోగా అయిపోతుంది. తిరగడం మొదలవగానే మోటారు తనలోనే ఎదురు వోల్టేజీని పుట్టించి బ్యాటరీని ఎదురు నెడుతుంది, కరెంటు దిగుతుంది. అయినా పడవ ఇంకా కదల్లేదు. పంఖా నిలిచిన నీటిని కొరుకుతోంది, అంకె ఎత్తులోనే ఒక మెట్టు మీద నిలబడుతుంది. తర్వాత కొన్ని సెకన్ల పాటు, పడవ ఊపందుకునే కొద్దీ, అంకె ఒక్కొక్కటిగా మెత్తగా జారుతుంది. ఈ మూడో అంకం నాకు ప్రాణం. ఆ జారుడులో పడవ తూకం ఉంది. ఒక్కరే కూర్చున్న పడవ చకచకా దిగుతుంది, నలుగురున్న పడవ నెమ్మదిగా, బరువైన రాగంలా దిగుతుంది.

ఆ ఎదురు వోల్టేజీ వెనకున్న నియమం సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో లెంజ్ 1834లో ప్రకటించినది. అదే నగరంలో, ఆయనతో కలిసి పనిచేసిన యాకోబీ 1838లో విద్యుత్ మోటారు బిగించిన పడవను జనంతో సహా నేవా నది మీద నడిపించాడు. పడవను ఆకలి నుంచి కాపాడే సూత్రమూ, ఆ పడవా ఒకే ఊళ్లో నాలుగేళ్ల తేడాలో పుట్టడం నాకెప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

తొమ్మిదో శతాబ్దపు కాశ్మీర పండితుడు ఆనందవర్ధనుడు కావ్యానికి ధ్వని, అంటే మాట వెనక స్ఫురించే అర్థం, ఆత్మ అన్నాడు. మీటరు మీద 31 అని ఉంటే వాచ్యార్థం 31 ఆంపియర్లు. కాని ఇందాక, ఇదే మీట దగ్గర, 27 ఉంది. గాలి మారలేదు. మనుషులు కదల్లేదు. అంకె ఒక్కసారిగా ఎగరకుండా నెమ్మదిగా పాకింది. అంటే పంఖాకు నాచు చుట్టుకుంటోంది. మిన్నెసోటా సరస్సుల్లో మిల్‌ఫాయిల్ అనే పరాయి నాచు దండిగా ఉంటుంది. అదే అంకె ఉన్నట్టుండి కూలితే, పెద్ద అలకు పడవ వెనక భాగం లేచి పంఖా గాలిని కొట్టింది. నాచు లేకుండా, గాలి లేకుండా కాస్త పెరిగి, పడవ కూడా కాస్త బరువెక్కినట్టు నడిస్తే, కింద లోతు తగ్గుతోంది. కొత్తవాడికి ఇదంతా వరసగా సాగే తర్కం: అంకె, పోలిక, కారణం, నీరు. ఆనందవర్ధనుడు ఇలా వరస కనిపించే ధ్వనినీ, వరస తెలియకుండా వెలిగే ధ్వనినీ వేరుచేసి, రసం ఈ రెండో తరగతిదన్నాడు. అలవాటైన కంటికి మీటరు విషయంలోనూ అదే జరుగుతుంది. అంకె చదివిన స్పృహ ఉండదు, నాచే కనిపిస్తుంది.

వేగానికీ ఆంపియర్లకూ ఉన్న బంధం ఇంకా సొగసైనది. పంఖాను తిప్పే శక్తి దాని చుట్ల వేగానికి ఘనంగా పెరుగుతుంది. పూర్తి వేగంలో 48 ఆంపియర్లు తీసుకునే మోటారును సగం చుట్లకు దించితే, ఆదర్శ లెక్కలో, 6 చాలు. ముప్పావుకు దించితే 20. అంటే చివరి పావు వేగం ఒక్కటే 28 ఆంపియర్లు తింటుంది! నీటిమట్టం దగ్గర పన్నెండడుగుల పొడవున్న పడవ గంటకు సుమారు ఎనిమిదిన్నర కిలోమీటర్ల దరిదాపులకు వస్తుంటే ఇంకా ఘోరం. తను లేపిన అలకే తను ఎదురెక్కుతూ, ఎన్ని ఆంపియర్లు పోసినా వేగం పెద్దగా పెరగదు.

పాతకాలపు అయిదు మెట్ల మోటారు మాత్రం ఈ ఘనం లెక్కకు లొంగదు. అది వేగం తగ్గించేది నిరోధపు చుట్లు అడ్డుపెట్టి. మోటారులో పోయే కరెంటే బ్యాటరీ నుంచీ పోవాలి, ఆ కరెంటు తిప్పుడు బలాన్ని బట్టి ఉంటుంది, నీటిలో ఆ బలం చుట్ల వర్గాన్ని బట్టి మారుతుంది. సగం చుట్లకు 6 బదులు 12. మిగిలింది వేడి. కొత్త మోటార్లు కరెంటును సెకనుకు వేలసార్లు తెంచి కలుపుతాయి. అక్కడ రెండు మీటర్లు పెడితే ఒక వింత: మీట సగంలో ఉండగా బ్యాటరీ వైపు 10, మోటారు వైపు 20. దొంగ లెక్క ఏమీ కాదు. తెగిన క్షణాల్లో కూడా మోటారు తీగచుట్ల లోపల కరెంటు తన ఊపుతో సుడి తిరుగుతూనే ఉంటుంది. పెట్టె మూత తీయకుండా, రెండు వేగాల దగ్గర రెండు అంకెలు రాసుకుని వర్గమా ఘనమా అని చూస్తే, లోపల ఏ రకం యంత్రముందో బయటపడుతుంది.

అంకెల మీటరు కన్నా ముల్లు మీటరే నాకిష్టం. ఇది ఛాందసం అనుకున్నా సరే. అలల మీద పడవ లేచి పడుతుంటే ముల్లు ఆ లయతో ఊగుతుంది. అంకెలు మాత్రం 26, 29, 27 అని గిలగిల్లాడతాయి.

ఇక చాలా మోటార్ల మీద ముల్లూ లేదు, అంకే లేదు. నాలుగు దీపాలున్నాయి. అవి చూసేది బ్యాటరీ వోల్టేజీని. గట్టిగా లాగేటప్పుడు ఒక దీపం ఆరిపోతుంది, మోటారు ఆపితే తిరిగి వెలుగుతుంది. 100 ఆంపియర్ అవర్లని రాసున్న సీసం బ్యాటరీ 50 ఆంపియర్ల దగ్గర రెండు గంటలు రాదని, గంటకు కాస్త పైన వస్తే ఎక్కువని, 1897 నాటి పాయ్‌కెర్ట్ సూత్రం చెబుతోంది. దీపాలకు ఆ సూత్రం తెలీదు, నాచు తెలీదు, ఎదురుగాలి తెలీదు. బ్యాటరీ నెగటివ్ తీగలో, మోటారూ లైటూ చేపల సోనారూ అన్నీ దానికి అవతల ఉండేలా, ఒక షంట్‌కు సరిపడా చోటు ఎంత చిన్న పడవలోనైనా దొరుకుతుంది.