'అన్‌డిసర్నింగ్' పదం – తెలుగు సమానార్థకాలు: ఒక పరిశీలన

ఆంగ్ల సాహిత్య విమర్శలో కనిపించే 'అన్‌డిసర్నింగ్' అనే విశేషణాన్ని తెలుగులో 'విచక్షణ లేని' అని అనువదించడం కద్దు. నిఘంటుపరంగా ఇది తప్పు కాదు. ప్రయోగపరంగా మాత్రం చిక్కులున్నాయి.

ఈ పదానికి మూలమైన లాటిన్ క్రియ 'కెర్నెరె'కు జల్లించడం, వేరుచేయడం అని అర్థం. సంస్కృత 'వివేక' శబ్దంలోని 'విచ్' ధాతువుదీ అదే భావం. చెరిగి గింజను పొట్టునుండి వేరుచేయడమనే అర్థంలోనూ దానికి ప్రయోగం ఉంది. వ్యుత్పత్తిని బట్టి 'అవివేకి' కంటె దగ్గరి మాట దొరకదు. కాని తెలుగు వాడుకలో అవివేకి అంటే తెలివితక్కువవాడు. 'అన్‌డిసర్నింగ్' పాఠకుడన్నప్పుడు ఆంగ్ల విమర్శకుడు అతని బుద్ధిని శంకించడం లేదు. మేలురచనకూ నాసిరచనకూ గల తేడా అతనికి ఆనడం లేదంటున్నాడు. అందుకే ఈ విశేషణం ప్రధానంగా పాఠకుడు, ప్రేక్షకుడు, కన్ను, నాలుక వంటి గ్రహించేవాటికి చేరుతుంది. కాల్పులు, పొగడ్త, యాంటీబయాటిక్‌ల వాడకం వంటి చేష్టలకు ఆంగ్లం 'ఇన్‌డిస్క్రిమినేట్' అనే వేరొక పదాన్ని వాడుతుంది. తెలుగు పత్రికలు ఈ రెండో పదానికి 'విచక్షణారహితం'ను స్థిరపరచాయి. 'విచక్షణారహితంగా కొట్టారు' అన్న వార్తకు అలవాటుపడిన చెవికి 'విచక్షణ లేని పాఠకుడు' అన్నప్పుడు కూడ కొంత దౌర్జన్యం ధ్వనిస్తుంది.

'అరసిక' శబ్దం ఈ లోటును తీర్చదు. అరసికుడు కావ్యానికి స్పందించడు. 'అన్‌డిసర్నింగ్' పాఠకుడు స్పందిస్తాడు. అన్నిటికీ ఒకేవిధంగా స్పందిస్తాడు. కన్నీరు పెట్టించిన ప్రతి కథా అతనికి గొప్ప కథే. అతణ్ణి అరసికుడనడం మూలంలోని ఆక్షేపణను తలకిందులు చేయడమే.

'తూర్పారబట్టడం' అనే దేశ్య ప్రయోగం గతి మరీ విచిత్రం. కళ్ళంలో ఆ పని చేసే రైతుకు కావలసింది గింజ. పత్రికాభాషలో ఆ మాట తీవ్రంగా దుయ్యబట్టడమనే అర్థానికి కుదించుకుపోయింది. పొట్టు మిగిలి గింజ జారిపోయింది. 'క్రిటిక్' పదానికి మూలమైన గ్రీకు క్రియ 'క్రినెయిన్' కూడ 'కెర్నెరె'కు సజాతీయమే కావడం ఇక్కడ గమనార్హం.

ఉన్నంతలో 'తారతమ్యం ఎరుగని' అన్నది మేలైన సమానార్థకం. సంస్కృతంలో ఆధిక్యాన్ని తెలిపే 'తర', 'తమ' ప్రత్యయాలనుండే పుట్టిన మాట గనుక దీనిలో నింద తక్కువ, కొలత ఎక్కువ. కన్ను, నాలుకల విషయంలో మాత్రం ఇది బరువవుతుంది. అక్కడ 'తేడా తెలియని' అన్న వాడుకమాట చాలు. గ్రాంథికం కాదన్న ఒక్క కారణంతో అనువాదకులు దానిని పక్కన పెట్టనవసరం లేదు.