సాక్షిగా మారని పరిశోధకుడు: ‘ఇన్ ది వుడ్స్’లో గతం
తానా ఫ్రెంచ్ నవల ‘ఇన్ ది వుడ్స్’ (2007)లో పన్నెండేళ్ల కేటీ డెవ్లిన్ ఒక అడవి చెంత శవమై దొరుకుతుంది. హత్యను శోధించే డబ్లిన్ డిటెక్టివ్ రాబ్ ర్యాన్ బాల్యమిత్రులిద్దరు 1984లో అక్కడే అదృశ్యమయ్యారు. నెత్తుటి బూట్లతో అతడొక్కడే మిగిలాడు, జ్ఞాపకం మిగలలేదు. ఈ సంబంధాన్ని పై అధికారుల వద్ద దాచి కేసులో కొనసాగడంలోనే పరిశోధన చెడింది. హంతకుడు పట్టుబడినా, పురికొల్పిన అక్క రోజలిండ్ చట్టానికి చిక్కదు. ఆమె చెప్పిన వయస్సును ర్యాన్ సరిచూడలేదు. ఆమెలో అతడు చూసింది అనుమానితురాలిని కాదు, తనవంటి బాధితురాలిని. పాత రహస్యం విడకపోవడం శిల్పలోపమనే ఆక్షేపణ నిలవదు. అబద్ధాలాడతానని తొలి అధ్యాయంలోనే ఒప్పుకున్న కథకుడు 1984 నాటి సత్యాన్ని చెప్పినా, దానిని నమ్మేందుకు పాఠకునికి ఆధారమేదీ ఉండదు.