అడిగే నోరు, ఇచ్చే చెయ్యి

ఎవరైనా అగ్రిమెంటు తెచ్చి నా బల్ల మీద పెడితే ముందు డబ్బు అంకె వైపు చూడను. గడువు ఎంత, దాన్ని పొడిగించే హక్కు ఎవరిది, మన మనిషి తరఫున బేరమాడేవాడికి డబ్బు ఎక్కణ్నుంచి వస్తుంది అన్నవి చూశాకే అంకె దగ్గరికి వెళ్తాను. ఈ పద్ధతి మా సీనియర్ గారు నేర్పారు. అది ఎందుకంత అవసరమో నాకు పూర్తిగా బోధపడింది మాత్రం బాక్సింగ్ కేసులు చదివాకే. ఇంగ్లండు, అమెరికా కోర్టుల్లో బాక్సర్ల మీద హక్కు కోసం ప్రమోటర్లు, మేనేజర్లు నడిపిన దావాలు చదువుతుంటే ఒక్క సంతకం మనిషిని ఎంత దూరం లాక్కుపోగలదో తెలుస్తుంది. బరిలో ఎంత బలవంతుడైనా ఆ కాగితం ముందు బాక్సర్ బక్కవాడే.

ప్రమోటర్ అంటే పోటీ పెట్టేవాడు. హాలు మాట్లాడతాడు, టికెట్లు అమ్ముతాడు, టీవీ వాళ్లతో బేరం కుదుర్చుకుంటాడు, తలపడే ఇద్దరికీ డబ్బిస్తాడు. ఆ డబ్బును పర్స్ అంటారు. మేనేజర్ బాక్సర్ మనిషి. ఎవరితో తలపడాలి, ఎంత అడగాలి అన్నది చూసి, వచ్చిన పర్స్‌లో వాటా తీసుకుంటాడు. పర్స్ తగ్గితే ప్రమోటర్‌కి మిగులు, పెరిగితే మేనేజర్‌కి లాభం. ఈ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని గట్టిగా వాదించుకుంటేనే బాక్సర్‌కి న్యాయమైన ధర పలుకుతుంది. ఒకే కేసులో వాదికీ ప్రతివాదికీ ఒకే వకీలు వకాల్తా వేయకూడదనడానికి ఏ కారణం ఉందో ఇక్కడా అదే కారణం.

ఈ కేసుల్లో నేను పదే పదే చదివింది వాట్సన్ వర్సెస్ ప్రేగర్. 1991లో లండన్ హైకోర్టు ఇచ్చిన తీర్పు. వాది మైకేల్ వాట్సన్, మిడిల్‌వెయిట్ బాక్సర్. ప్రతివాది బాక్సింగ్ లోకమంతటికీ మికీ డఫ్‌గా తెలిసిన మనిషి. అసలు ఇంటిపేరు ప్రేగర్. 1987లో వాట్సన్ ఆయన్ని మేనేజర్‌గా పెట్టుకుంటూ సంతకం చేశాడు. అది డఫ్ రాయించుకున్న కాగితం కాదు, బ్రిటిష్ బాక్సింగ్ బోర్డు వారి అచ్చు ఫారం. అందులో ఒక క్లాజు ఉంది: ఒప్పందం గడువులోగా బాక్సర్ ఛాంపియన్ అయితే ఒప్పందాన్ని మరో మూడేళ్లు పొడిగించుకునే హక్కు మేనేజర్‌ది. బాక్సర్ సమ్మతి అక్కర్లేదు.

1989 మే 21న లండన్ ఫిన్స్‌బరీ పార్కులో వేసిన పెద్ద టెంటులో నైజెల్ బెన్‌ను ఆరో రౌండులో పడగొట్టి వాట్సన్ కామన్వెల్త్ టైటిల్ గెలిచాడు. అందరూ బెన్ గెలుస్తాడనుకున్న పోటీ అది. మామూలుగా అయితే అంతటి గెలుపు తర్వాత బాక్సర్ నాలుగు చోట్ల బేరం పెట్టుకోవచ్చు. వాట్సన్ విషయంలో ఆ గెలుపే పొడిగింపు క్లాజుకు ప్రాణం పోసింది. పైగా డఫ్ మేనేజర్ మాత్రమే కాదు, ప్రమోటర్ కూడా. వాట్సన్ కోసం ఎక్కువ అడగాల్సిన నోరూ, తక్కువతో సరిపెట్టాలని చూసే చెయ్యీ ఒకే మనిషివి. ఆ ఏర్పాటే సహేతుకం కాదని, అది వాట్సన్ వృత్తి స్వేచ్ఛకు అడ్డమని, కాబట్టి అమలు చేయించలేమని న్యాయమూర్తి స్కాట్ తేల్చారు. ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి, డఫ్ మోసగాడని నిరూపించాల్సిన పని పడకపోవడం. మనిషి మంచివాడే కావచ్చు, కూర్చున్న చోటు సరైనది కాదు అని కోర్టు చెప్పింది. అచ్చు ఫారం, అందరూ సంతకం చేసేదే అన్న మాట కూడా నిలవలేదు. మా వృత్తిలో ఈ మాట రోజూ వింటాం: "ఇది స్టాండర్డ్ ఫార్మాట్ సార్, మార్చడానికి లేదు." ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఈ తీర్పు గుర్తొస్తుంది.

కోర్టు వాట్సన్‌ని విడుదల చేసిన ఆ ఏడాదే, సెప్టెంబరు 21న, క్రిస్ యూబాంక్‌తో రెండోసారి తలపడ్డాడు. చివరి రౌండులో పోటీ ఆపేశారు. మెదడులో రక్తం గడ్డకట్టింది. 40 రోజులు స్పృహ లేదు, ఆరు ఆపరేషన్లు. బరి పక్కన సరైన వైద్య ఏర్పాట్లు లేవని వాట్సన్ ఈసారి బోర్డు మీదే దావా వేశాడు. 2000 డిసెంబరులో అప్పీలు కోర్టు కూడా అతని పక్షానే నిలిచింది. ఒకే బాక్సర్ పేరు మీద రెండు గొప్ప తీర్పులు. మొదటిది తన శ్రమ మీద తనకే హక్కుందని చెప్పింది. ఆ హక్కుతో సంపాదించుకోవడానికి అతనికి కొన్ని నెలలే మిగిలాయి.

బాక్సర్‌కి కాలమంటే ఏమిటో చెప్పడానికే ఇదంతా రాశాను. అమెరికాలో మేనేజర్, ప్రమోటర్ ఒకే గూటివాళ్లయ్యే కథ ఇంకా కఠినంగా నడిచింది. 1986 జులైలో వెంబ్లీ స్టేడియంలో టిమ్ విథర్‌స్పూన్ తన హెవీవెయిట్ టైటిల్ నిలబెట్టుకుంటూ ఫ్రాంక్ బ్రూనోని పదకొండో రౌండులో ఓడించాడు. ప్రమోటర్ డాన్ కింగ్. విథర్‌స్పూన్ మేనేజర్ కార్ల్ కింగ్, అంటే డాన్ కింగ్ పెంచిన కొడుకు. తండ్రి దగ్గర గట్టిగా బేరమాడాల్సినవాడు కొడుకు! కోతలన్నీ పోగా ఛాంపియన్ చేతికొచ్చింది 90 వేల డాలర్ల పైచిలుకు. ఓడిపోయిన బ్రూనోకి సుమారు 9 లక్షలు. ఆ లెక్కల కాగితం నా ముందుకొస్తే మొత్తాలు తర్వాత చూస్తాను. శిక్షణ శిబిరం ఖర్చు కోసి ఉంటే ఆ శిబిరం ఎవరిదో అడుగుతాను. మేనేజర్ వాటా కోసి ఉంటే అతను ఆ రోజు ఎవరితో ఏం బేరమాడాడో చూపమంటాను. కోర్టులో మోసాన్ని నిరూపించడం చాలా కష్టం. కోత పక్కన రాసిన పేరు ఎవరిదో చూపడం తేలిక. విథర్‌స్పూన్ కేసు వేశాడు. ఏళ్లు గడిచాక సుమారు 10 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది.

మైక్ టైసన్ పేరు మన ఊళ్లలో తెలియనివాళ్లు లేరు. 'లైగర్' సినిమాలోనూ చూశారు. 1988 జూన్ 27న అతను మైకేల్ స్పింక్స్‌ను 91 సెకన్లలో పడగొట్టాడు. అదే రోజు తన మేనేజర్ బిల్ కేటన్ మీద దావా వేశాడు. కేటన్ భాగస్వామి జిమ్ జేకబ్స్ ఆ మార్చిలో చనిపోయాడు. అతను చావుబతుకుల్లో ఉన్న సంగతి దాచి తనతో కొత్త కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారన్నది టైసన్ ఫిర్యాదు. నెల తిరక్కుండా రాజీ అయింది, కేటన్ వాటా మూడో వంతు నుంచి 20 శాతానికి దిగింది. ఆ సందులో డాన్ కింగ్ ప్రమోటర్‌గా అడుగుపెట్టాడు. తర్వాతి రోజుల్లో టైసన్‌కి మేనేజర్లుగా ఉన్న ఇద్దరూ కింగ్‌కి దగ్గరి మనుషులు. 1998లో టైసన్ కింగ్ మీద 10 కోట్ల డాలర్లకు దావా వేశాడు. అది నడుస్తుండగానే 2003లో దివాలా పిటిషన్ పెట్టుకున్నాడు. 2004లో 1.4 కోట్ల డాలర్లకు రాజీ. నా దృష్టిలో టైసన్ జీవితంలో అన్నిటికన్నా ఖరీదైన ఓటమి ఇది.

ఇలాంటి కథలు పేరుకున్నాకే 2000లో అమెరికా కాంగ్రెస్ ముహమ్మద్ అలీ పేరుతో ఒక చట్టం చేసింది. ప్రమోటర్‌కి మేనేజర్ వ్యాపారంలో, మేనేజర్‌కి ప్రమోటర్ వ్యాపారంలో నేరుగా గానీ చాటుగా గానీ డబ్బు సంబంధం ఉండకూడదు. "నా ఛాంపియన్‌తో తలపడాలంటే ముందు నీ హక్కులు నాకు రాసివ్వు" అని రాయించుకున్న హక్కులు 12 నెలలు దాటితే చెల్లవు. పోటీ మీద తనకెంత వస్తుందో ప్రమోటర్ బాక్సర్‌కి చెప్పి తీరాలి. చాలా మంచి చట్టం. కానీ మేనేజర్-ప్రమోటర్ గోడ పది రౌండ్లు, ఆపై పోటీల్లో ఉన్నవాళ్లకే. నాలుగు రౌండ్ల కుర్రవాడే అన్నిటికన్నా ముందు మోసపోతాడు, అతనికి ఆ గోడ లేదు. అమలు కూడా అంతంత మాత్రమే. 2015లో గోల్డెన్ బాయ్ అనే ప్రమోటర్ సంస్థ మేనేజర్ అల్ హేమన్ మీద 30 కోట్ల డాలర్ల దావా వేసింది. మేనేజర్ ముసుగులో ప్రమోటర్ పని చేస్తూ పోటీ లేకుండా చేస్తున్నాడని. 2017లో న్యాయమూర్తి విచారణ దాకా పోనివ్వకుండానే కొట్టేశారు. ఎవరు గెలిచినా ఆ దావాలో బాక్సర్లకు దక్కేదేమీ కనిపించదు.

ప్రమోటర్ల పక్షాన కూడా మాట ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. పేరులేని కుర్రవాడి మీద ఏళ్ల తరబడి డబ్బు పోసి, తీరా వాడు ఛాంపియన్ అయ్యాక ఇంకొకరు తన్నుకుపోతే ఎవరికైనా కడుపు మండుతుంది. 2006లో బాక్సర్ మానీ పాకియావో గోల్డెన్ బాయ్‌తో సంతకం చేసి, తర్వాత మరో ప్రమోటర్ సంస్థ టాప్ ర్యాంక్‌తోనూ చేశాడు. రెండు సంస్థలూ నెలల తరబడి కొట్లాడి 2007లో మధ్యవర్తి దగ్గర తేల్చుకున్నాయి. బాక్సర్లందరూ అమాయకులు కారు. అయినా పెట్టుబడి రక్షించుకోవడానికి న్యాయమైన గడువు చాలు. అంతులేని గడువు అక్కర్లేదు.

గడువు విషయంలో కాలిఫోర్నియాలో ఒక నియమం ఉంది: వ్యక్తిగత సేవల ఒప్పందం ఏదైనా ఏడేళ్లు దాటితే అమలు చేయించలేరు. సినిమా తార ఒలీవియా డి హావిలాండ్ 1940లలో వార్నర్ స్టూడియో మీద కేసు గెలిచి దానికి పదును పెట్టింది. సస్పెన్షన్‌లో ఉన్న నెలల్ని గడువుకు కలపకూడదు, క్యాలెండర్ ఏడేళ్లంటే ఏడేళ్లే అంది కోర్టు. బాక్సింగ్ ఒప్పందాల్లో గాయపడిన కాలాన్నీ, ఆడని కాలాన్నీ గడువుకు కలిపే క్లాజులు ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ ఏడేళ్ల నియమాన్ని పట్టుకునే బాక్సర్లు ఆండ్రే వార్డ్ తన ప్రమోటర్ మీద, మైకీ గార్సియా టాప్ ర్యాంక్ మీద పోరాడారు. వార్డ్ 2013 నవంబరు నుంచి 2015 జూన్ దాకా, గార్సియా 2014 జనవరి నుంచి 2016 జులై దాకా బరిలో దిగలేదు. ఇద్దరూ అప్పుడు మంచి వయసులో, ఓటమి ఎరగని స్థితిలో ఉన్నారు. వాయిదా వల్ల కంపెనీకి పోయేది వడ్డీ. బాక్సర్‌కి పోయేది శరీరం ఇచ్చే కొద్ది ఏళ్లలో ఒకటి, మళ్లీ రాదు.

ఆ మధ్య ఒక జానపద గాయని తండ్రి ఓ మ్యూజిక్ కంపెనీ కాగితాలు పట్టుకుని వచ్చాడు. అయిదేళ్లు, ఆ తర్వాత కంపెనీ కోరితే మరో అయిదేళ్లు. ఆయన ముఖం వెలిగిపోతోంది. "బిడ్డ మీద మస్తు నమ్మకం పెట్టుకున్నరు సార్. మేనేజర్‌ను గూడ వాళ్లే ఇస్తమన్నరు."

"ఆ మేనేజర్‌కు జీతం ఎవరిస్తరన్నా?"

కాసేపు నా ముఖంలోకే చూశాడు. "వాళ్లే గద సార్..." అంటూ ఆగిపోయాడు. ఆ మధ్యాహ్నం ఆయనకి వాట్సన్ కథంతా చెప్పాను. గడువు తగ్గించడానికి కంపెనీ దిగొచ్చింది కానీ మేనేజర్ సంగతిలో రాలేదు. ఆయన సంతకం పెట్టలేదు.

ఇలాంటి కాగితాల నుంచి మన చట్టమే కాపాడుతుందన్న అపోహ ఒకటి ఉంది. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 27 వృత్తికి అడ్డొచ్చే ఒప్పందాలు చెల్లవంటుంది. దాని ఆసరాతోనే 2006లో సుప్రీంకోర్టు క్రికెటర్ జహీర్ ఖాన్ పక్షాన నిలిచింది. మూడేళ్ల గడువు ముగిశాక కూడా కొత్త ఆఫర్లను పాత కంపెనీకే ముందు చూపాలన్న క్లాజును అమలు చేయడానికి ఒప్పుకోలేదు. అయితే ఆ రక్షణ గడువు ముగిశాకే గట్టిగా పనిచేస్తుంది. గడువు నడుస్తుండగా "మాకు తప్ప ఇంకెవరికీ పనిచేయకూడదు" అన్న క్లాజును మన కోర్టులు సాధారణంగా నిలబెడతాయి. కాబట్టి ఆ గడువు ఎంతన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్న మన బాక్సర్లకూ వర్తిస్తుంది. విజేందర్ సింగ్ 2015లో ఇంగ్లండు ప్రమోటర్ ఫ్రాంక్ వారెన్ సంస్థతో ప్రొఫెషనల్ అయ్యాడు. నిశాంత్ దేవ్ 2025లో మ్యాచ్‌రూమ్ అనే ప్రమోటర్ సంస్థ జెండా కింద తొలి పోటీ ఆడాడు. నిఖత్ జరీన్‌ని చూసి నిజామాబాద్‌లో, విశాఖలో గ్లవ్స్ తొడుక్కుంటున్న పిల్లలకూ రేపు ఇలాంటి కాగితాలు వస్తాయి. తల్లిదండ్రులకూ కోచ్‌లకూ నా విన్నపం: అక్కడికక్కడ సంతకం చేయించకండి. కాగితం కాపీ ఇంటికి తెచ్చుకోండి. గడువు ఎవరి ఇష్టం మీద పెరుగుతుందో, మేనేజర్‌కి డబ్బు ఎవరిస్తున్నారో అడగండి. మీరు ఫీజు ఇచ్చి పెట్టుకున్న వకీలు చేతే చదివించండి. కంపెనీ పంపిన వకీలు ఎంత మర్యాదస్తుడైనా సరే, ఆయన మీ వకీలు కాదు.