సాంబ మసూరి పరిశోధన: ఒక విమర్శ

పరిశోధన విలువ పత్రముల సంఖ్యచే గాక, రైతు పొలమునను భోక్త కంచమునను తేలవలెను. రాయచూరు జిల్లా కాలువల క్రింద విస్తారముగ సాగగు సాంబ మసూరి వరి యిందుకు నిదర్శనము.

బాపట్లలో రూపొంది 1986లో వెలువడిన ఈ వంగడము (బి.పి.టి. 5204) అన్నమునకు మేటియైనను, బాక్టీరియా ఎండాకు తెగులునకు సులభముగ లోబడెడిది. హైదరాబాదులోని వరి పరిశోధన సంస్థయు, సి.సి.ఎం.బి.యు కలసి, తెగులును తట్టుకొను మూడు జన్యువులను సంకరణముచేతనే దీనియందు చేర్చిరి. మెరుగుపరచిన వంగడము 2008లో విడుదలయ్యెను.

తరువాతి పరీక్షలలో దీని గ్లైసీమిక్ సూచిక సుమారు 51 అని తేలినది. 55, అంతకు లోపు సూచిక తక్కువగ నెన్నబడును. తెగులునకు విరుగుడు వెదకినవారికి ఆహారగుణమును లభించుట హర్షణీయమే. కాని దీనిని మధుమేహమునకు మందువలె చాటుట శాస్త్రసమ్మతము కాదు. సూచిక అన్నము రక్తములో చక్కెరను పెంచు తీరును తెల్పునే గాని, తిన్న అన్నపు పరిమాణమును లెక్కింపదు. మరపట్టుటను, వండుటను బట్టియు నది మారును.

దేవదుర్గ తాలూకాలోని జాలహళ్ళి వంటి గ్రామమున రైతు అడుగదగిన ప్రశ్నలు మూడు: తెగులు తగ్గునా? నమ్మదగిన విత్తనము దొరకునా? కాలువ చివరి మడికి నీరందునా? మొదటిది వ్యవసాయశాస్త్రము తీర్చినది. తక్కిన రెండును విత్తన సంస్థలును, ఇంజనీర్లును తీర్పవలసినవి. వానికి సమాధానము రైతు భాషలో అందిననాడే ఈ పరిశోధన సఫలము.